రెండు వందల ముప్ఫై గ్రాములు

"పైపు నువ్వే చేసినావు కదా?"

"నేనే చేసినా మేడమ్."

"మధ్యలో అతుకు?"

"అదీ నాదే."

నిస్సార్ కటకటాల అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై రెండేళ్ల మనిషి. మోకాళ్ల మీద చేతులు చాపుకుని వేళ్లను ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు. వెల్డింగు వేడికి ఆ వేళ్ల చివర్లు నున్నబడిపోయాయి.

కోమలి ఇవతల స్టూలు మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. చేతి గడియారం చూసి, ఏడు నిమిషాలు తీసేసి, పది గంటల అయిదు నిమిషాలు అని రాసుకుంది. గడియారం ఆమె భర్తది. ఆయన ఎప్పుడూ ఏడు నిమిషాలు ముందుకు పెట్టుకునేవాడు. ఆషాఢంలో ఆయన పోయాక దాన్ని సరిచేయాలని ఆమెకు తోచలేదు. తీసివేసుకోవడం అలవాటైంది.

పోయిన శనివారం తెల్లవారుజామున జోయల్ అనే ఇరవై ఆరేళ్ల యువకుడు చిత్తూరు నుంచి తడకు కారులో బయలుదేరాడు. మర్నాడు అక్కడి ప్రైవేటు ట్రాకు మీద రేసు. చంద్రగిరి దగ్గర వాన పెద్దదైతే రోడ్డు పక్క రేకుల షెడ్డు కింద బండి ఆపి, అద్దాలు ఎత్తుకుని, ఇంజను ఆన్‌లో ఉంచుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. ఇంజను పొగలోని విషవాయువు రక్తంలో నిండిందని డాక్టరు రాశాడు. పొగ కారు అడుగున, పైపు అతుకు దగ్గర బయటపడి, ఫ్లోరులోని చిల్లి గుండా లోపలికి వచ్చిందని బండ్ల తనిఖీ అధికారి రాశాడు. ఆ పైపు తిరుపతిలో నిస్సార్ షాపులో తయారైంది. జోయల్ తండ్రి రాజారత్నం ఫిర్యాదు ఇచ్చాడు. నిన్న సాయంత్రం నిస్సార్‌ను అరెస్టు చేశారు. ఈరోజు నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు. రిమాండు పడితే ఆ షాపు షట్టరు మళ్లీ లేవదు. మనిషిని చంపిన పైపు అని పేరు పడ్డాక ఎవరూ అతని చేతికి ఇనుము ఇవ్వరు.

కోమలి ఒకప్పుడు పోలీసు శాఖలో ఎస్.ఐ. ఉద్యోగం మానేసి తిరుపతిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని ఆరేళ్లయింది. నిస్సార్ తండ్రి పీరా సాహెబ్ నిన్న సాయంత్రం ఆమె ఆఫీసు మెట్లెక్కి, నిలబడే మాట్లాడి వెళ్లాడు.

"ఇంత పల్చటి పైపు ఏమిటికి చేసినావు?"

"స్టాక్ క్లాసు రేసులో ఇంజను ముట్టుకోగూడదు మేడమ్. టైర్లు ముట్టుకోగూడదు. ఇంజను తర్వాత వచ్చే పైపొక్కటే మార్చుకోవచ్చు. అందుకని అందరూ దాని మీదనే పడతారు. కంపెనీ పైపు పదకొండు కిలోలు. నేను నాలుగు కిలోల ఎనిమిదొందల అరవైకి దించినా. సైలెన్సరు డబ్బా తీసేసినా. జోయల్ ఇంకా తగ్గియ్ తగ్గియ్ అన్నాడు. బోల్టులేసే బిళ్లలు పెడతానంటే ఆరొందల గ్రాములు జాస్తి అవుతాదని వద్దన్నాడు. ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి క్లాంపు బిగించినా."

"కారు ఫ్లోరులో చిల్లి?"

"మ్యాట్లు, రబ్బరు బిళ్లలు ఆ పిల్లోడే పీకేసినాడు. అవీ బరువే కదా."

"బోల్టులు వేసుంటే పొగ వచ్చేది కాదా?"

"వచ్చేది కాదేమో. అది నా తప్పే. రాసుకోండి."

ఆమె రాసుకుంది. "పరీక్ష చేయకుండా ఇచ్చినావా?"

"చేసినా. ఇంజను ఆన్ చేసి వెనక తోక గొట్టాన్ని తడిగుడ్డతో మూస్తాం. పోయే దారి లేక పొగ అతుకు మీదికి వస్తాది. సబ్బునీళ్లు పూస్తే బుడగలు కనపడతాయి. తోక మూసేస్తే యా క్లాంపైనా కొంచెం ఊదుతాది. గుడ్డ తీసేస్తే ఒక్క బుడగ రాగూడదు. రాలేదు. జోయల్ పక్కనే కూచోని చూసినాడు."

"తోక తెరిచి ఉంటే అతుకు దగ్గర పొగ రాదు."

"రాదు మేడమ్."

కోమలి ఆ ఒక్క వాక్యం కింద గీత గీసింది. "ఇచ్చే ముందు ఇంకేం చేస్తావు?"

"తూకం." అతను మొదటిసారి తలెత్తాడు. "మా నాయన రాగిబిందెలకు కళాయి పూసేవాడు. పాత్ర తీసుకునేటప్పుడు తూకం, తిరిగిచ్చేటప్పుడు తూకం. లోహం దొంగిలించినాడని ఎవరూ అనగూడదని. నేనూ అంతే. కస్టమరు ముందర కాటా మీద పెట్టి, ఆ అంకె పైపు మీదనే పంచి కొట్టి ఇస్తా. రేసు పిల్లోళ్లకు అదంటే భలే ఇష్టం. రేపు తడలో రేసు పెట్టుకున్నారంట, జోయల్ పేరు మీద. నా పైపులే నాలుగైదు కార్లకుండాయి. ఒక్కడూ ఈడికి రాలేదు."

*

చిత్తూరులో రాజారత్నం ఇంటికి చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా వరసగానే ఉన్నాయి. పరామర్శకు వచ్చేవాళ్ల కోసం వేసినవాటిని ఎవరూ తీయలేదు. వరండాలో పనిముట్ల బల్ల. పానాలు సైజుల వారీగా మేకులకు వేలాడుతున్నాయి. డ్రిల్లింగ్ మిషను వైరు చక్కగా చుట్టి ఉంది.

రాజారత్నం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి దిగినవాడు. చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"మీరు ఆ సాహెబు తరఫు మనిషి."

"అవునన్నా. రెండు మూడు అడిగి వెళ్లిపోతా."

"నేను చెప్పాల్సింది ఫిర్యాదులో ఉండాది."

"చదివినాను. అబ్బాయి ఎన్నింటికి బయల్దేరినాడు?"

"నాలుగూ పదికి."

"మీరు చూసినారా?"

"గేటు నేనే తీసినా."

"చంద్రగిరి దగ్గర పెట్రోలు బంకు కెమెరాలో అయిదూ ఇరవై రెండుకు కనపడినాడు. అక్కడ వాన అయిదుంబావుకు మొదలయింది. అంటే దారిలో ఎక్కడా ఆగలేదు."

"ఆగలేదు."

"పోయిన నెల ఆ కారుకు చలానా పడింది కదా. చప్పుడు ఎక్కువని."

రాజారత్నం చూపు వరండా వైపు పోయి వచ్చింది. "పడింది. ఇంకోసారి రోడ్డు మీద ఆ మోత వినపడితే పైపు పీకి రోలరు కింద వేయిస్తానని మీ ఏకాంబరం సి.ఐ. బెదిరించినాడు. నా కొడుకు రాత్రంతా నిద్రపోలేదు."

"తర్వాత మరి ఎట్లా తిరిగినాడు?"

"జాగ్రత్తగా తిరిగినాడు." అతను గొంతు పెంచలేదు. "సూడమ్మా, ముప్ఫై ఒక్క ఏళ్లు ఆవిరి పైపులతో బతికినోడిని. అంత పల్చటి రేకుకు క్లాంపు బిగించి ఇస్తే అది ఎన్నాళ్లుంటాది? వాడు నా కొడుకును చంపినాడు. ఆ మాట మీదనే నిలబడతా."

లోపలినుంచి జోయల్ తల్లి జెస్సీ వచ్చింది. పళ్లెంలో రెండు స్టీలు గ్లాసులు, టీ. పాతకాలపు మందమైన చిన్న గ్లాసులు. కోమలి బొటనవేలికి అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తగిలాయి. జె.రా. 9-5-1997.

"మా పెండ్లికి మేనమామ పెట్టినాడు మా," అంది జెస్సీ. ఎవరూ అడగలేదు. "ఆరుండేవి. ఇప్పుడు నాలుగే ఉండాయి. జనం వస్తారు, పోతారు. రెండు యాడ పోయినాయో కనపడలా. ఎవరన్నా ఎంగిలి చేసి బయట పెట్టేసినారేమో. వారం నుంచి వెతుకుతానే ఉండా."

"పోతే పోనీలే," అన్నాడు రాజారత్నం.

"నేనేమన్నా, వెతుకుతాండా అన్నా."

కోమలి టీ తాగింది. చక్కెర వేయలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆమె కూడా చెప్పలేదు. తన ఇంట్లో నాలుగు నెలలుగా అలాంటి టీలే.

"అమ్మా, అబ్బాయి బయల్దేరేటప్పుడు మీరు లేచినారా?"

జెస్సీ ఖాళీ పళ్లేన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "అదే మా. ఆ కారు స్టార్టు చేస్తే ఈ వీధి మొత్తం లేస్తాది. ఎదురింటి ముసలాయన తిడతాడు. నేను ఆ సప్పుడుకే లేచి వాడికి ఫ్లాస్కులో కాఫీ పోసిస్తా. ఆ పొద్దు లేవలా. ఆరున్నరకు మెలకువ వచ్చింది. చూస్తే వాడు లేడు. ఫ్లాస్కు బోర్లించినట్టే ఉండాది. ఎట్లా లేవకుండా పోయినానో నాకు తెల్దు."

"వాన సప్పుడులో వినపడలేదు," అన్నాడు రాజారత్నం.

కోమలి జెస్సీనే చూస్తూ అడిగింది. "ఆ రాత్రి ఇక్కడ వాన పడిందా?"

"యాడ పడింది? మేడ మీద ఉతికిన బట్టలుంటే లేవగానే తెచ్చినా. కరకరా ఎండుండాయి. మనకు ఎనిమిది దాటినాక కదా వాన."

రాజారత్నం టీ గ్లాసును నేల మీద పెట్టి, దాని అంచును వేలితో ఒక్కసారి తిప్పాడు.

*

జోయల్ కారు స్టేషను వెనక ఆవరణలో, పట్టా కింద ఉంది. కోమలి తిరిగి వచ్చేసరికి రెండున్నర. సి.ఐ. ఏకాంబరం గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో శిక్షణ పొందినవాళ్లు.

"ఏం కోమలీ, పెండ్లిసంబంధాల ఎంక్వైరీలు తగ్గిపోయినాయా? కారు రిపేర్ల మీద పడినావు."

"తగ్గలా. మీ సబ్ ఇన్‌స్పెక్టరు సంబంధం కూడా నా దగ్గరే ఉంది. మంచిగా రాయమంటావా?"

అతను నవ్వబోయి ఆగాడు. "మీ ఆయన విషయం... నేను రాలేకపోయినా. ఆ రోజు బందోబస్తు."

"తెలుసు ఏకాంబరం. పైపు వెనక భాగం విప్పించాలి. తూకం వేయాలి."

"అది కేసు సొత్తు."

"విప్పేది నీ మనుషులే. చూసేది నీ పంచాయతీదార్లే, పంచనామా సాక్షులే. నేను ముట్టుకోను."

"తనిఖీ ఆఫీసరు చూసి రాసిచ్చినాడు. అతుకు దగ్గర మసి చిమ్మింది. పొగ ఆడనుంచే వచ్చింది. ఇంకేం కావాల?"

"అతుకు దగ్గర పొగ వచ్చింది. ఒప్పుకుంటా. ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు." ఆమె నోటు పుస్తకం తిప్పింది. "పాలవ్యాను డ్రైవరు చిన్నబ్బ స్టేట్‌మెంటు నువ్వే రాయించినావు. ఆరూ నలభైకి షెడ్డు కిందికి వచ్చినాడు. ఏడూ యాభై దాకా అక్కడే ఉన్నాడు. అనుమానం వచ్చి కారు బానెట్ మీద చెయ్యి పెట్టినాక గానీ ఇంజను ఆన్‌లో ఉందని తెలియలేదన్నాడు. సైలెన్సరు డబ్బా లేని కారు. పోయిన నెల చప్పుడు ఎక్కువని నువ్వే చలానా రాసినావు. పక్కన గంటా పది నిమిషాలు నిలబడిన మనిషికి అది వినపడలేదు."

"రేకుల మీద వాన."

"చిత్తూరులో నాలుగూ పదికి వాన లేదు. తల్లికి కూడా వినపడలేదు. రోజూ ఆ చప్పుడుకే లేచే మనిషి."

ఏకాంబరం గొడుగు భుజం మార్చుకున్నాడు. "అయితే?"

"ఆ బండి ఆ రోజు మాత్రం ఎందుకు నోరు మూసుకుందో తెలియాలి. నిస్సార్ ప్రతి పైపు మీద బరువు కొట్టి ఇస్తాడు. ఆ అంకె, ఇప్పటి తూకం ఒకటే అయితే నేను వెళ్లిపోతా. బోల్టులు వెయ్యకపోవడం నా తప్పేనని నిస్సార్ నాతో అన్నాడు. ఆ మాట నేనే కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తా. నీ కేసుకు అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు."

ఏకాంబరం ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ పంతం గానీ బెదిరింపు గానీ కనపడలేదు. ఏదీ కనపడలేదు. అదే అతనికి ఇబ్బందిగా అనిపించినట్టుంది.

"మూడున్నర దాకా," అన్నాడు. "మూడింటికి తండ్రి వస్తాడు, కాగితాల మీద సంతకానికి. నాలుగుకు హాజరు. అంతే."

పీరా సాహెబ్ అప్పటికే స్టేషను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కోమలి ఫోనులో చెప్పినట్టే కాళ్ల దగ్గర బియ్యం సంచిలో చుట్టిన ఎలక్ట్రానిక్ కాటా, చేతిలో అయిదు కిలోల ఇనుప గుండు. అతను ఎవరినీ బతిమాలలేదు. బల్ల మీద కాటా పెట్టి, దాని మీద గుండు పెట్టాడు.

"ముందు ఇది నిజం చెప్తాదో లేదో చూసుకోండి నాయనా. తర్వాత పైపు."

5000 అని పడింది. పంచాయతీదార్లిద్దరూ వంగి చూశారు. కానిస్టేబులు కారు కింద దూరి క్లాంపు వదులు చేసి, అతుకు నుంచి తోక దాకా ఉన్న పొడవాటి గొట్టాన్ని లాగాడు. చేతికి నల్లగా అంటింది. గుడ్డతో తుడిస్తే క్లాంపు పక్కన చిన్న అంకెలు కనపడ్డాయి. 4860.

"ఇది అతుకుకు వెనక భాగమే కదా?" అని అడిగాడు ఏకాంబరం.

"తూకం దీనిదే నాయనా. ముందర ముక్క కంపెనీదే, మావాడు దాన్ని ముట్టుకోలేదు."

గొట్టాన్ని కాటా మీద పెట్టారు. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. 5090.

పీరా సాహెబ్ గొట్టం తీసి, కాటా సున్నాకు తెచ్చి, మళ్లీ పెట్టాడు. 5090.

"మసి పట్టుంటాది," అన్నాడు ఏకాంబరం.

"పది గ్రాములు పడుతాదా మసి? ఈ పైపు బిగించి రెండు నెలలు కూడా కాలేదు," అన్నాడు పీరా సాహెబ్.

"వాన నీళ్లు."

గొట్టాన్ని నిలువుగా ఎత్తి వంచారు. రెండు చుక్కలు రాలాయి.

"రెండొందల ముప్ఫై గ్రాములు," అంది కోమలి. "ఈ పిల్లలు రబ్బరు బిళ్లలు పీకి గ్రాములు తగ్గించుకునేవాళ్లు. బరువు పెంచాలనుకున్నది వాళ్లు కాదు. వేగంతో పని లేని మనిషి ఎవరో."

ఆమె ఫోను లైటు తోక గొట్టంలోకి కొట్టింది. జానెడు లోపల వెలుగు ఆగిపోయింది. గొట్టం పక్కన మసి కింద ఒక చిన్న స్క్రూ తల ఉంది. దాన్ని పీరా సాహెబ్ వేలితో తడిమాడు.

"మావాడు గొట్టానికి చిల్లి పొడవడమ్మా. ఇది తర్వాత పెట్టింది."

కానిస్టేబులు స్క్రూ విప్పాడు. అటువైపు నుంచి కర్రతో తడితే ఏదో జారి, తోకలోంచి న్యూస్‌పేపరు మీద పడింది. ఒక గ్లాసు. అడుగున డ్రిల్లుతో పొడిచిన ఆరు రంధ్రాలు. లోపల పాత్రలు తోమే స్టీలు పీచు కూరి ఉంది. వేడికి, మసికి అది ముద్దకట్టి గట్టిపడి రంధ్రాలన్నిటినీ మూసేసింది.

ఏకాంబరం వంగి చూశాడు. "చప్పుడు తగ్గడానికి."

"తడిగుడ్డ," అంది కోమలి. "తోక మూస్తే అతుకు ఊదుతుంది. నిస్సార్ పొద్దున్నే చెప్పినాడు."

ఏకాంబరం తలూపాక ఆమె గ్లాసు అంచు కింద మసిని చేతిరుమాలుతో తుడిచింది. ఏ అక్షరాలు వస్తాయో తుడవక ముందే తెలుసు. అయినా పూర్తిగా తుడిచింది. జె.రా. 9-5-1997.

*

రాజారత్నం మూడూ ఇరవైకి వచ్చాడు. బస్సు ఆలస్యమైందని చెప్పి, తడిసిన చెప్పులు బయట విడిచి, సి.ఐ. గదిలోకి వచ్చాడు. బల్ల మీద న్యూస్‌పేపరు, దాని మీద గ్లాసు. గోడ పక్కన పీరా సాహెబ్ నిలబడి ఉన్నాడు.

రాజారత్నం జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ముట్టుకోకుండా గ్లాసు చుట్టూ తల తిప్పి చూశాడు. ఫ్యాక్టరీలో పాడైన భాగాన్ని చూసినట్టే చూశాడు.

"పీచు కాలి ముద్దయింది," అన్నాడు. "రంధ్రాలు ఇంకా పెద్దవి పొడవాల్సింది."

"మీరే పెట్టినారా పెద్దాయనా?" అని అడిగాడు ఏకాంబరం.

"నేనే."

"అబ్బాయికి తెలుసా?"

"తెలుసు. మీరు పట్టుకుంటారని వాడికి భయం. వాడికంటే నాకు భయం. రోడ్డు మీద ఇది పెట్టుకోని పో, ఆడికి పోయినాక తీసెయ్ అన్నా. ఒక్క స్క్రూనే కదా నాయనా అన్నాడు. స్టార్టు చేస్తే పిల్లి మాదిరి ఉండాది బండి. ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మను లేపొద్దులే, పండుకోనీ అని గేటు తీసినా."

ఏకాంబరం కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపు బల్ల మీద తన చేతులనే చూసుకున్నాడు.

"మీకు ముందే తెలుసా?" అంది కోమలి.

"డాక్టరు కాగితం చదివినప్పుడు తోచింది. తోచినదాన్ని పక్కన పెట్టినా. ఫిర్యాదులో ఇంకొకడి పేరు రాస్తే అది పోతాదనుకున్నా. పోలా." అతను పీరా సాహెబ్ వైపు తిరిగాడు.

పీరా సాహెబ్ గోడ పక్కన ఉన్న కుర్చీని లాగి అతని వెనక పెట్టాడు. "కూచో," అన్నాడు. తర్వాత కాటాను మళ్లీ బియ్యం సంచిలో చుట్టసాగాడు.

"ఆ రిమాండు కాగితాలు పక్కన పెట్టు," అని ఏకాంబరం రైటరుకు చెప్పాడు. "హాజరు లేదు. మేజిస్ట్రేటు గారికి నేను మాట్లాడతా. నిస్సార్‌ను బయటికి పిలువు."

పని అయిపోయింది. కోమలికి సంతోషం గానీ అలసట గానీ కలగలేదు. నోటు పుస్తకం మూయబోయి, చివరిగా రాసుకున్న పేజీ మీద చూపు పడింది. ఆరు. ఇంట్లో నాలుగు. బల్ల మీద ఒకటి.

"అన్నా," అంది. "జెస్సమ్మ రెండు గ్లాసులు కనపడలేదంది."

రాజారత్నం కళ్లద్దాల వెనకనుంచి ఆమెను చూశాడు.

"ధనంజయకు ఒకటి చేసిచ్చినా. జోయల్ స్నేహితుడు. వానిదీ అదే కారు, అదే పైపు. మా వాడిది చూసి నాకూ కావాలంకుల్ అన్నాడు. మావాడికి పెట్టిన గురువారమే వానికీ బిగిచ్చినా. కానీ ఇంక రేసు లేదు కదమ్మా. వాడు తీసేసుంటాడు."

"రేసు రేపే. జోయల్ పేరు మీద పెట్టినారు."

"నాకెవరూ చెప్పలా."

ఆమె గడియారం చూసింది. మూడూ నలభై. మూడూ ముప్ఫై మూడు. బయట వాన కిటికీ రెక్కను కొడుతోంది. రాజారత్నం అప్పటికే ఫోను తీశాడు. పేరు వెతికి, నొక్కి, స్పీకరు పెట్టి, గ్లాసు పక్కనే బల్ల మీద పెట్టాడు.

చాలాసేపు మోగింది. ఎత్తారు.

"ధనంజయా. యాడుండావు నాయనా?"

"అంకుల్." గొంతు నిద్రలోంచి వచ్చినట్టుంది. "శ్రీకాళహస్తి దాటినా. వాన జాస్తిగా ఉండాది. పక్కన ఆపుకున్నా."

కోమలి ఫోను మీదికి వంగింది. "ధనంజయా, ఇంజను ఆపు. తలుపు తీసి బయటికి రా. వానలో తడిసినా పర్వాలేదు. ఇప్పుడే."

"తలకాయ నొప్పి... పొద్దుననుంచి ఏం తినలా. కొంచేపు పండుకోని..."

"పండుకోవద్దు. తలుపు తియ్."

ఏకాంబరం వైర్‌లెస్ అందుకుని, శ్రీకాళహస్తి దాటిన రోడ్డు మీద ఉన్న ప్రతి గస్తీ బండిని పేరు పేరునా పిలవసాగాడు. లాకప్ నుంచి వచ్చిన నిస్సార్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ధనంజయా," అన్నాడు రాజారత్నం. "నాయనా, తలుపు."

జవాబు రాలేదు. ఫోను పడిన చోటు నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది. దాని కింద, చెవి పెట్టి వింటే తప్ప తెలియకుండా, ఇంకొక చప్పుడు. నిస్సార్ పైపు బిగించిన బండి అలా ఉండకూడదు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఎవరినీ నిద్ర లేపనంత మెత్తగా.